దరఖాస్తుకు రెండు దారులు

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణలో ఊరూరా ప్రజాపాలన గ్రామసభలు జరిగాయి. ఆ కొద్దిరోజుల్లోనే ప్రభుత్వానికి దాదాపు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు అందాయి. వాటిలో కోటికి పైగా అభయహస్తం గ్యారంటీల కోసం పెట్టుకున్నవే. సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, బీదర్ వైపు కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న న్యాల్‌కల్ మండలం నుంచి కూడా కాగితాలు అలాగే కదిలాయి.

ఫారం ఒక్కటే, అందులో పథకాలు ఐదు. మహాలక్ష్మి కోసం గ్యాస్ కనెక్షన్ నంబరు, ఏడాదికి వాడే సిలిండర్ల లెక్క రాయాలి. రైతు భరోసాకు పట్టాదారు పాసుపుస్తకం నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం కావాలి. గృహజ్యోతికి కరెంటు మీటరు కనెక్షన్ నంబరు, నెలవారీ వాడకం చెప్పాలి. ఇందిరమ్మ ఇల్లు, చేయూతలకు వేరే గడులున్నాయి. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు జతచేయాలి. చివర సంతకమో వేలిముద్రో పెట్టాలి. అడుగున ఉన్న రశీదు ముక్క దరఖాస్తుదారుకు ఇస్తారు. ఫారం ఉచితమని ప్రభుత్వం చెప్పినా, చాలాచోట్ల జనం జిరాక్స్ షాపుల్లో డబ్బిచ్చి కొనుక్కున్నారు.

కాగితాలు తీసుకోవడంతో సగం పనే అయింది. వాటిలోని ప్రతి గడినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. జనవరి 17కల్లా ఆ పని ముగించాలని ప్రభుత్వం గడువు పెట్టుకుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ఫారం ఎక్కించడానికి పది నిమిషాలు పడుతుందనుకుంటే, కోటీ పాతిక లక్షల ఫారాలకు 20 లక్షల 83 వేల గంటలు కావాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 2 లక్షల 60 వేల పనిదినాలు. పదకొండు రోజుల్లో ముగియాలంటే దాదాపు 24 వేలమంది సెలవు లేకుండా కూర్చోవాలి. అంత చేసినా, చేతిరాతలో ‘1’ని ‘7’గా చదివితే ఆ తప్పు రికార్డులోకి ఎక్కి కూర్చుంటుంది.

మరి మొదటినుంచే ఆన్‌లైన్‌లో తీసుకుంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. అప్పుడు ఈ బరువు మాయమయ్యేది కాదు, చేతులు మారేది. ఏ దరఖాస్తులోనైనా మూడు పనులుంటాయి: వివరాలు రాయడం, రాసింది సరిగా ఉందో లేదో చూడడం, దాన్ని రికార్డులోకి ఎక్కించడం. డౌన్‌లోడ్ చేసుకునే ఫారం పెట్టాలా, ఆన్‌లైన్ ఫారం పెట్టాలా అని ఒక కార్యాలయం ఆలోచిస్తున్నదంటే, ఈ మూడు పనుల్లో ఏది ఎవరి నెత్తిన పెట్టాలో నిర్ణయిస్తున్నదన్న మాట. ఆ నిర్ణయం తెలిసి చేయాలంటే రెండు ఫారాల లోపల ఏముందో చూడాలి.

పేజీ చెదరకుండా దాచే విద్య

అడోబీ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో కేమ్‌లాట్ పేరుతో ఒక ప్రతిపాదన రాశాడు. ఒక కంప్యూటర్‌లో తయారైన పత్రం ఇంకే కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా గీత కూడా జరగకుండా అలాగే రావాలన్నది ఆయన పట్టుదల. అందులోంచి 1993లో పీడీఎఫ్ పుట్టింది. 2008లో అది ఐఎస్‌ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది.

పీడీఎఫ్ లోపల ఉండేవి ప్రధానంగా బొమ్మ గీసే ఆదేశాలు. ఫలానా ఫాంటులోని ఫలానా ఆకారాన్ని పేజీ ఎడమ అంచు నుంచి ఇంత, కింది అంచు నుంచి ఇంత దూరంలో పెట్టమని ఒక్కో ఆదేశం చెబుతుంది. చూసే మనిషికి అది ‘దరఖాస్తుదారుని పేరు’. యంత్రానికి మాత్రం కొన్ని ఆకారాల వరుస. పక్కనున్న చుక్కల గీతమీద పేరు రాయాలని దానికి తెలియదు. పీడీఎఫ్‌లో నింపదగ్గ గడులు పెట్టే ఏర్పాటు 1996లోనే వచ్చింది. అయినా మన ఆఫీసుల్లో తిరిగే ఫారాల్లో చాలావరకు గడులు లేనివే. వర్డ్‌లో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చినవి కొన్ని, పాత కాగితాన్ని స్కాన్ చేసి పెట్టినవి కొన్ని.

తెలుగు ఫారాలకు ఇంకో చిక్కుంది. చాలా ఏళ్లపాటు తెలుగు డీటీపీ పనంతా అను ఫాంట్ల వంటివాటితో నడిచింది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చడం వాటి పద్ధతి. ప్రింటు చక్కగా వస్తుంది. అదే ఫారంలోంచి ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. చూపులేనివారి ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ కలగాపులగాన్నే చదువుతుంది. యూనికోడ్ 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు సొంత స్థానం ఇచ్చింది. ఫారం యూనికోడ్‌లో తయారుచేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఇన్ని లోపాలున్నా పీడీఎఫ్‌ను తీసిపారేయడానికి లేదు. ఫారం మొత్తం ముందే కనిపించడం దాని అసలు బలం. ఏమేం అడుగుతారో, ఏ కాగితాలు వెతకాలో ఇంట్లోనే తెలిసిపోతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలి కోసం, అందరూ నిమ్జ్ అనే దానికోసం, 12,635 ఎకరాలు తీసుకోవాలని ప్రతిపాదించారు. భూమి పోయే కుటుంబంలో తండ్రి పేరిట పట్టా ఉంటుంది, అన్నదమ్ములు తలోచోట ఉంటారు, ఆడపిల్లలు అత్తారిళ్లలో ఉంటారు. అలాంటి ఇంటికి అందరూ కూర్చుని చదివి, మాట్లాడుకుని, ఒక్కొక్కరే సంతకం పెట్టగలిగే కాగితం కావాలి. కరెంటు పోయినా, సిగ్నల్ లేకున్నా ఆ కాగితం చెరగదు. నింపిన ఫారానికి ఒక జిరాక్స్ తీసి పెట్టెలో పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత కూడా ‘నేను ఇదే రాశాను’ అని చూపించవచ్చు.

తెరమీది గడికి తెలివి ఎక్కడిది?

వెబ్ పేజీలో నింపే గడులు 1990ల మొదట్లోనే వాడుకలోకి వచ్చాయి. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణం వాటిని అధికారికంగా చేర్చుకుంది. ఇక్కడ ప్రతి గడికీ ఒక పేరుంటుంది, ఒక రకం ఉంటుంది, కొన్ని నియమాలుంటాయి. ఇది తేదీ, ఇది అంకె, ఇది తప్పనిసరి అని యంత్రానికి ముందే చెప్పి ఉంచుతారు. ‘సబ్మిట్’ నొక్కగానే గడి పేరూ, దానికి మనమిచ్చిన జవాబూ జతలు జతలుగా సర్వర్‌కు వెళతాయి. మళ్లీ ఎవరూ చూసి టైపు చేయనక్కరలేదు.

అంతకంటే పెద్ద లాభం, తప్పును అక్కడికక్కడే పట్టుకోవడం. ఆధార్ నంబరు సంగతే చూడండి. పన్నెండు అంకెల్లో మొదటి పదకొండే అసలు సంఖ్య. పన్నెండోది ఆ పదకొండింటినుంచి లెక్కగట్టి తెచ్చిన కాపలా అంకె. దాన్ని లెక్కగట్టే పద్ధతిని డచ్ గణిత శాస్త్రవేత్త జాకబస్ వెర్‌హాఫ్ 1969లో కనిపెట్టాడు. మనుషులు అంకెలు రాసేటప్పుడు ఎలాంటి తప్పులు చేస్తారో ఆయన పరిశీలించాడు. ఒక అంకెకు బదులు ఇంకొకటి రాయడం, పక్కపక్క అంకెలను తారుమారు చేయడం, ఈ రెండూ చాలా మామూలు తప్పులు. మామూలు కూడికలో 3, 8లను ఎటు కలిపినా 11 వస్తుంది కాబట్టి తారుమారు తెలియదు. అందుకని వెర్‌హాఫ్ వరుస మారితే ఫలితం మారే గణితాన్ని వాడుకున్నాడు. దాంతో ఈ రెండు రకాల తప్పుల్లో ఒకటి దొర్లితే చివరి అంకె కుదరదు, గడి వెంటనే ఎర్రబడుతుంది. కాగితంమీద రాసిన తప్పు ఆధార్ నంబరు మాత్రం గ్రామసభ బల్లమీది నుంచి చల్లగా వెళ్లిపోతుంది. నెల తర్వాత ‘మీ వివరాలు సరిపోలలేదు’ అని తిరిగి వస్తుంది.

బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌దీ ఇదే కథ. అందులో పదకొండు స్థానాలు. మొదటి నాలుగూ బ్యాంకును సూచించే ఇంగ్లీషు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరూ బ్రాంచివి. చేత్తో రాస్తే ఆ సున్నాకూ ఇంగ్లీషు ‘ఓ’ అక్షరానికీ తేడా తెలియదు. ‘ఐదో స్థానంలో సున్నాయే ఉండాలి’ అన్న ఒక్క నియమం గడికి చెబితే ఆ గందరగోళం అక్కడే ఆగిపోతుంది. కాపలా అంకె చేసే పనికి ఒక హద్దు ఉందని కూడా గుర్తుంచుకోవాలి. నంబరు సరిగా అల్లుకున్నదా అన్నదే అది చెబుతుంది, అది మీ నంబరా కాదా అన్నది చెప్పలేదు.

ఇక ఊరి పేరు రాసే గడి దగ్గరికి వద్దాం. ‘న్యాల్‌కల్’ అన్న మాటలో మన కంటికి కనిపించేవి నాలుగు తునకలు: న్యా, ల్, క, ల్. యూనికోడ్ లెక్కలో మాత్రం పది సంకేతాలు: న, పొల్లు, య, దీర్ఘం, ల, పొల్లు, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, క, ల, పొల్లు. ఆ విడదీత గుర్తు లేకపోతే ల కింద క వత్తు చేరి ‘న్యాల్కల్’ అవుతుంది. ఈ రెండూ ఒకే ఊరని న్యాల్‌కల్‌లో పసిపిల్లవాడైనా చెబుతాడు. సంకేతాలు మాత్రమే పోల్చి చూసే డేటాబేసుకు ఇవి రెండు ఊళ్లు. నిల్వ చేసేటప్పుడు ఒక్కో తెలుగు సంకేతం మామూలుగా మూడు బైట్లు తీసుకుంటుంది, కాబట్టి ఈ ఊరి పేరుకు ముప్ఫై బైట్లు కావాలి. ఇంగ్లీషులో రాస్తే ఏడు చాలు. ఇంగ్లీషు పేర్లను కొలతగా పెట్టుకుని గడి పొడవు బిగిస్తే తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది. అందుకే మంచి ఆన్‌లైన్ ఫారంలో ఊరి పేరు టైపు చేయించరు. జిల్లా, మండలం, గ్రామం వరుసగా జాబితాలోంచి ఎంచుకోమంటారు.

జాబితాలో లేని కష్టం

జాబితాలోంచి ఎంచుకోమనే పద్ధతికి బలం ఎంతో బలహీనత కూడా అంతే. జాబితా తయారుచేసినవారి ఊహకు అందని కష్టానికి అందులో చోటుండదు.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్‌లో తెలంగాణ రైతులు ఈ సంగతి బాగా చవిచూశారు. అందులో ప్రతి పనికీ ఒక మాడ్యూల్. వారసత్వానికి ఒకటి, నిషేధిత జాబితా ఫిర్యాదుకు ఒకటి, పాసుపుస్తకంలో తప్పుల సవరణకు టీఎం 33. తన భూమి కష్టం ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతే తేల్చుకోవాల్సి వచ్చేది. సర్వే నంబరు ఒకటి గల్లంతై, విస్తీర్ణంలో తేడా వచ్చి, దానికి తోడు తాత పేరు తప్పుపడితే? సాదా బైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందం) మీద కొన్న భూమికి కాలక్రమంలో ముగ్గురు వారసులు తేలితే? నోటితో చెబితే పది మాటల్లో అర్థమయ్యే గోడు, తెరమీద ఏ గడిలోనూ ఇమడలేదు.

ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చి, 2025 ఏప్రిల్ 14న కొత్త పోర్టల్ మొదలైంది. దాని వెంటే ప్రభుత్వం అధికారులను మళ్లీ ఊళ్లకు పంపింది. జూన్ 3 నుంచి 20 దాకా రెవెన్యూ సదస్సులు పెట్టి లక్షలాది దరఖాస్తులు కాగితంమీద తీసుకున్నారు. దేశంలో అందరికంటే ముందు కంప్యూటర్ సేవలకు దిగిన ప్రాంతాల్లో మనదొకటి. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చిన నేల ఇది. అలాంటిచోట భూమి గొడవల కోసం మళ్లీ కాగితం దగ్గరికి రావడాన్ని వెనకడుగు అనుకోకూడదు. కథగా చెప్పుకోవాల్సిన కష్టాన్ని ముందు కథగానే వినాలని ప్రభుత్వం ఒప్పుకోవడం అది.

ఆన్‌లైన్ ఫారానికి ఇంకో ఇబ్బంది దాని నిర్మాణంలోనే ఉంది. వెబ్ సంభాషణలో ప్రతి క్లిక్కూ ఒక విడి ఉత్తరం. ముందటి ఉత్తరం ఎవరు రాశారో సర్వర్‌కు దానంతట గుర్తుండదు. అందుకని ఒక గుర్తింపు చీటీ ఇచ్చి, దాని సాయంతో మనల్ని గుర్తుపడుతుంది. కాసేపు మనం ఏమీ నొక్కకపోతే, కంప్యూటర్ వదిలి వెళ్లిపోయామేమో, ఇంకెవరైనా మన పేరుమీద నడుపుతారేమోనని ఆ చీటీ రద్దు చేస్తుంది. బ్యాంకు లావాదేవీకి ఈ జాగ్రత్త అవసరమే. పాసుపుస్తకం ఎక్కడుందో వెతికి వచ్చేలోగా నింపిందంతా పోతే మాత్రం, తప్పు వెతికినవారిది కాదు. నింపినంత వరకు దాచుకుని రేపు వచ్చి పూర్తిచేసే వీలు ఇవ్వని ఫారానిది.

ఓటీపీ సంగతీ అంతే. ఓటీపీ వెళ్లేది మనిషికి కాదు, ఎప్పుడో ఇచ్చిన ఫోన్ నంబరుకు. ఆ సిమ్ కొడుకుతో పాటు హైదరాబాద్ వెళ్లిపోయి ఉండవచ్చు, రీచార్జి లేక ఆగిపోయి ఉండవచ్చు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినట్టు చెప్పిన ఆడవాళ్లు 26.5 శాతం, మగవాళ్లు 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. అయినా ఒక పథకాన్ని ఆన్‌లైన్‌లో మాత్రమే పెడితే ముందుగా వెనకబడేది ఎవరో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. మహాలక్ష్మి లాంటి పథకం ఆడవాళ్ల పేరుమీద ఇచ్చేదైనప్పుడు ఈ తేడాను పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

పాత ఫారం చావదు

డౌన్‌లోడ్ ఫారానికి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. ఒకసారి దింపుకున్న ఫైలు మీద దాన్ని పెట్టిన ఆఫీసుకు ఇక అదుపు ఉండదు. వెబ్‌సైట్‌లో ఫారం మార్చినా, జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో పాతది పాతగానే ఉంటుంది, అడిగినవారికల్లా అదే ప్రింటు తీసి ఇస్తారు.

న్యాల్‌కల్ చిరునామాను గమనించండి. 2014 జూన్ 2కు ముందు అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, మెదక్ జిల్లా. ఆ రోజునుంచి తెలంగాణ రాష్ట్రం, మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, రెండున్నరేళ్లు తిరక్కుండా ఫారం తలకట్టు రెండుసార్లు మారింది. జిల్లా పేరు ముందే అచ్చు వేసిన పీడీఎఫ్‌లన్నీ ఆ మేరకు పాతబడ్డాయి. ఆన్‌లైన్ ఫారమైతే ఒక్కచోట సవరిస్తే ఆ క్షణంనుంచి అందరికీ కొత్తదే కనిపిస్తుంది. అందుకే తరచూ మారే నియమాలకు ఆన్‌లైన్ మేలు. పీడీఎఫ్ తప్పనిసరైతే ప్రతి పేజీ అడుగున ఫారం తేదీ, రూపం నంబరు అచ్చు వేయాలి. పాత ఫారంలో అడిగిన వివరాలన్నీ ఉంటే దాన్ని తిప్పి పంపకూడదు.

బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2018లోనే, తమ సమాచారాన్ని పీడీఎఫ్‌లో కాక మామూలు వెబ్ పేజీల్లో పెట్టాలని వివరంగా రాసింది. ఫోన్ తెరకు పీడీఎఫ్ సర్దుకోదు, చూపులేనివారికి కష్టం, పాత ప్రతులు తిరుగుతూనే ఉంటాయి, ఇవీ వారు చూపిన కారణాల్లో కొన్ని. చేతిలో చిన్న ఫోన్ తప్ప కంప్యూటర్ లేని మన పల్లెలకు మొదటి కారణం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఏ4 సైజు ఫారాన్ని ఐదారు అంగుళాల తెరమీద అటూ ఇటూ జరుపుతూ చదవడం ఎంత కష్టమో చేసినవారికి తెలుసు.

రెండింటి బరువూ ఒకరి మీదే

కొన్నిసార్లు ఆఫీసులు రెండు దారుల్లో దేన్నీ వదులుకోలేక రెండింటినీ ఒకదాని వెంట ఒకటి కట్టేస్తాయి. 2025 మార్చిలో తెలంగాణలో మొదలైన రాజీవ్ యువ వికాసం పథకానికి ఓబీఎంఎంఎస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత దాని ప్రింటు తీసి, ఆధారాలు జతచేసి, పల్లెల్లోనివారు ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాల్సి వచ్చింది. పథకం మంచిదే, నాలుగు లక్షల రూపాయల దాకా యూనిట్లకు సాయం అందించేది. దరఖాస్తుదారుకు మాత్రం రెండు ఫారాల శ్రమా పడింది. ఆన్‌లైన్‌లో నింపడానికి ఇంటర్నెట్ సెంటర్‌కు, ప్రింటుకు జిరాక్స్ షాపుకు, ఇవ్వడానికి మండలాఫీసుకు తిరగాల్సి వచ్చింది.

మీసేవలో దీనికి తలకిందుల పద్ధతి ఉంది. కుల ధ్రువీకరణ పత్రమో ఆదాయ పత్రమో కావాలంటే, ముందు కాగితం ఫారం నింపి సంతకం పెట్టి తీసుకెళతాం. ఆపరేటర్ దాన్ని చూస్తూ ఆన్‌లైన్ ఫారం నింపి, మన కాగితాన్ని స్కాన్ చేసి జతచేస్తాడు. ఇది కూడా రెట్టింపు పనే, అయినా ఎక్కించే బరువు ఫీజు తీసుకునే కేంద్రం మీద పడుతుంది. చదువు అంతగా లేనివారికి పక్కన ఒక మనిషి ఉన్న ధైర్యం దొరుకుతుంది. ఆపరేటర్ ఏం టైపు చేశాడో దరఖాస్తుదారు చూసుకునేలా తెరను ఇటు తిప్పడమో, చదివి వినిపించడమో తప్పనిసరి చేస్తే ఈ పద్ధతిలో లోపం చాలా తగ్గుతుంది.

మూడో దారి కూడా ఉంది. ఆదాయపు పన్ను శాఖ రిటర్నులు నింపడానికి ఒక ఆఫ్‌లైన్ యుటిలిటీ ఇస్తుంది. దాన్ని దింపుకుని, ఇంట్లో తీరిగ్గా నింపి, తప్పులు అక్కడే సరిచూసుకుని, ఫైలును మాత్రం అప్‌లోడ్ చేయవచ్చు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్ కూడా చాలా ఏళ్లు ఇలాగే, నింపదగ్గ పీడీఎఫ్ ఫారాలతో నడిచింది. 2022లో పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల (ఎల్‌ఎల్‌పీ) ఫారాలతో మొదలుపెట్టి 2023 నుంచి కంపెనీల ఫారాలను కూడా వెబ్ ఫారాలుగా మార్చుకుంటూ వచ్చింది. విశేషమేమంటే అక్కడ కూడా, తెరమీద నింపిన ఫారాన్ని పీడీఎఫ్‌గా దింపుకుని, దానిమీద డిజిటల్ సంతకం పెట్టి తిరిగి ఎక్కించాలి. సంతకం పెట్టేవారికి తాము దేనిమీద పెడుతున్నామో కదలని పేజీగా కనిపించాలి కదా. నింపడానికి తెర, నిలిచి ఉండడానికి పేజీ, ఈ రెండు పనులూ వేరువేరని ఈ ఉదాహరణ చక్కగా చూపిస్తుంది.

ఏది ఎప్పుడు?

ఇంతవరకు చూసినదాన్నిబట్టి కొన్ని సూత్రాలు తేలుతాయి. జవాబులు కొద్దిగా, ఖాయంగా ఉండి, అంకెల్లో తప్పు దొర్లితే డబ్బు ఆగిపోయే దరఖాస్తులకు ఆన్‌లైన్ ఫారం మేలు. స్కాలర్‌షిప్, పింఛను ఖాతా మార్పు, పంట అమ్మకానికి స్లాటు ఈ కోవలోవి. నియమాలు తరచూ మారేవాటికీ అదే మేలు. చాలామంది సంతకాలు కావాల్సినవి, ఇంట్లో కాగితాలు కూడబెట్టి నింపాల్సినవి, కష్టాన్ని వివరంగా చెప్పుకోవాల్సినవి అయితే దింపుకునే ఫారం ఉండి తీరాలి. లక్షలమంది ఒకే వారంలో పెట్టుకోవాల్సిన దరఖాస్తుకు రెండూ ఉండాలి. అయితే రెండింటిలోనూ ప్రశ్నలు, వాటి వరుస, వాటి నంబర్లు ఒక్కటే కావాలి. అప్పుడే కాగితం నుంచి తెరకు ఎక్కించడం తేలికవుతుంది, తప్పులు తగ్గుతాయి.

ఓటరు నమోదుకు ఎన్నికల సంఘం చేస్తున్నది దాదాపు ఇదే. కొత్త ఓటుకు ఫారం 6, పేరు తొలగింపుకు ఫారం 7, సవరణలకు, చిరునామా మార్పుకు ఫారం 8. ఆన్‌లైన్‌లో నింపినా, కాగితంమీద రాసి బూత్ స్థాయి అధికారికి ఇచ్చినా ఫారం నంబరు అదే, అడిగేవి అవే. చేతనైన దారిలో వెళ్లవచ్చు, చేరేది ఒక్కచోటికే.

చట్టం కూడా ఒక దారి చూపింది. 2005 సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తు కాగితంమీద ఇవ్వవచ్చు, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని రాతలో పెట్టడానికి సమాచార అధికారి తగిన సాయం చేయాలి. రాసే బరువు ఎవరిదో ఇంత స్పష్టంగా చెప్పిన నిబంధన అరుదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన పిటిషన్లలో తీర్పునిస్తూ, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కన్నార్పమనే ఆన్‌లైన్ కేవైసీ వారికి అసాధ్యమైందన్నది అక్కడి ఫిర్యాదు. ఫారం అనేది హక్కుకు తలుపు. ఆ తలుపు తెరుచుకోకపోతే హక్కు ఉన్నా లేనట్టే.

2011 జనాభా లెక్కల్లో అప్పటి మెదక్ జిల్లా అక్షరాస్యత 61 శాతం. న్యాల్‌కల్ ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి. అక్కడ చేతిలోకి ఫారం రాకముందే అందులోని ప్రశ్నలు చెవిన పడాలి. పక్కనే ఝరాసంగం మండలం మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న అది ప్రసారాలు మొదలుపెట్టింది. ‘ఈ దరఖాస్తుకు ఇవి అడుగుతారు, ఈ కాగితాలు తీసిపెట్టుకోండి’ అని గడువుకు వారం ముందునుంచి స్థానిక రేడియోలో, పంచాయతీ మైకులో, ఆ ఊళ్లో మాట్లాడే భాషల్లో చెబితే, ఫారం కాగితంమీద ఉన్నా తెరమీద ఉన్నా సగం తప్పులు పుట్టకముందే ఆగుతాయి. ఇందుకు పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు.

ఫారాలు తయారుచేసే అధికారులకు నా విన్నపం ఒక్కటే. కొత్త ఫారం ఖరారు చేసేముందు దాన్ని ఒక మండల కేంద్రానికి తీసుకెళ్లి, చదువుకున్న కుర్రాడి చేత ఒకసారి, వేలిముద్ర వేసే అవ్వ చేత ఒకసారి నింపించి చూడండి. వారు ఎక్కడ ఆగిపోతే అక్కడ మార్చండి. ఆన్‌లైన్‌లో తీసుకున్నదాన్ని మళ్లీ ప్రింటు తెమ్మనకండి. కాగితంమీద తీసుకున్నదాన్ని ఎక్కించాక, ఎక్కించినదేమిటో దరఖాస్తుదారుకు చూపించండి.

పాఠకులకు కూడా ఒక మాట. ఏ దారిలో వెళ్లినా ముందు ప్రశ్నలన్నీ చదవండి. ఆధార్, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, సర్వే నంబరు ఒక కాగితంమీద స్పష్టంగా రాసి దగ్గర పెట్టుకోండి. మీ తరఫున ఇంకొకరు టైపు చేస్తుంటే సబ్మిట్ నొక్కేముందు ఒక్కో వివరం చదివించుకోండి. కాగితం ఇస్తే ముద్ర వేసిన రశీదు, ఆన్‌లైన్ అయితే దరఖాస్తు నంబరు చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి.